భయపడవలసిన తేదీ ఏది?

ప్రశ్న: నేను అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది ఐదో సంవత్సరం. పాస్‌పోర్టులోని ఎఫ్-1 (విద్యార్థి) వీసా గడువు జూలై 20న ముగుస్తుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం మీద చదువు ముగింపు తేదీ మే 15 అని ఉంది. థీసిస్ పూర్తి కావడానికి డిసెంబరు దాకా పట్టేలా ఉంది. రెండో ఏడాది చివర నా పరిశోధనాంశం మారింది. ఆ తర్వాత ప్రయోగశాలలో ఒక పరికరం చెడిపోయి ఏడు నెలలు పని ఆగిపోయింది. మా గైడు ‘వీసా జూలై దాకా ఉంది కదా, మే నెల గడవనీ, చూద్దాం’ అంటున్నారు. నాతో గది పంచుకుంటున్న అమ్మాయి మాత్రం వీసా గడువు దాటిన మరునాటి నుంచి నేను అక్రమంగా ఉన్నట్టే అంటోంది. ఒక కన్సల్టెంటు ఆరు వందల డాలర్లు ఇస్తే ఇక్కడి నుంచే వీసా పొడిగించి పెడతానన్నాడు. మొదటి ఏడాది ఒక సెమిస్టరులో గ్రేడ్లు తగ్గి అకడమిక్ ప్రొబేషన్‌లో పడ్డాను. అది ఇప్పుడు అడ్డు వస్తుందేమోనని దిగులుగా ఉంది. ఆగస్టులో మా అక్క పెళ్లి. వెళ్లి రావచ్చా? ఇంకొక చిన్న సందేహం: నా దగ్గర పాత ఐ-20లు ఒక కట్ట ఉన్నాయి. వాటిని దాచాలా, పారేయవచ్చా?
— ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: మీ గైడూ మీ స్నేహితురాలూ ఒకే తేదీని చూస్తున్నారు. జూలై 20ని చూసి ఆయన ధీమాగా ఉన్నారు, అదే తేదీని చూసి ఆమె హడలిపోతోంది. ఇద్దరూ పొరబడ్డారు. మీరు దేశం దాటి వెళ్లే పని పెట్టుకుంటే తప్ప జూలై 20తో మీకు పెద్దగా పని లేదు. మీ నిద్ర చెడగొట్టవలసిన తేదీ ఏదైనా ఉంటే అది మే 15. ఉత్తరంలో దాన్ని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఈ గందరగోళానికి కారణం ‘వీసా’ అన్న మాటను మనం అన్నింటికీ వాడేయడమే. పాస్‌పోర్టులో అతికించిన ఆ కాగితం విమానం దిగి లోపలికి రానివ్వమని అడగడానికి కాన్సులేటు ఇచ్చిన అనుమతి. దాని మీది తేదీ ఎప్పటిదాకా మీరు అలా వచ్చి అడగవచ్చో చెబుతుంది. లోపలికి వచ్చినవారు ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే కాగితం వేరే ఉంది, అది ఐ-94. విమానాశ్రయంలో అధికారి మిమ్మల్ని లోపలికి అనుమతించినప్పుడు కంప్యూటర్‌లో పుట్టే రికార్డు అది. అమెరికా సరిహద్దు విభాగం వెబ్‌సైటులో పాస్‌పోర్టు వివరాలు ఇస్తే ఎవరి ఐ-94 వారికి కనిపిస్తుంది. ఈ రోజే తెరిచి చూడండి. ఎఫ్-1 విద్యార్థులకు ఇంతకాలంగా అందులో తేదీ ఉండాల్సిన చోట ‘డి/ఎస్’ అన్న రెండక్షరాలే ఉంటూ వచ్చాయి. డ్యూరేషన్ ఆఫ్ స్టేటస్ అన్నదానికి పొట్టి రూపం అది. చదువు సవ్యంగా సాగుతున్నంత కాలం ఉండవచ్చని దాని అర్థం. అక్కడ ఎవరైనా పొరపాటున ఒక తేదీ వేసి ఉంటే మాత్రం దాన్ని సరిచేయించుకోవడమే మీ మొదటి పని.

మరి చదువు ఎప్పటిదాకా సాగుతుందో ప్రభుత్వానికి చెప్పేది ఎవరు? మీ విశ్వవిద్యాలయమే. ఐ-20 రూపంలో చెబుతుంది. ఆ కాగితం వెనుక సెవిస్ అనే కేంద్ర రికార్డు ఉంది. అందులో మీ పేరు మీద మే 15 అని రాసి ఉంది కాబట్టి డి/ఎస్ అన్న ఆ రెండక్షరాల విలువ కూడా ఆ తేదీ దాకానే.

నేను అక్కడ చదువుకునే రోజుల్లో నా పాస్‌పోర్టులోని వీసా చెల్లిపోయి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లూ పాఠాలు చెప్పాను, జీతం తీసుకున్నాను, పన్ను కట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు, అడగవలసిన అవసరమూ లేదు. అదే విభాగంలో ఇంకొకతనికి వీసా ఇంకా మూడేళ్లు మిగిలి ఉంది. ఆ ధైర్యంతో ఐ-20 సంగతి మరిచిపోయాడు. ఒక నెల జీతం పడలేదు. ఏదో బ్యాంకు పొరపాటు అనుకుని అడగడానికి వెళితే, నీ ఐ-20 ముగిసి మూడు వారాలయింది కాబట్టి నువ్వు పనిచేయడానికి వీల్లేదన్నారు. ఆ చిక్కు విప్పుకోవడానికి అతనికి దాదాపు ఏడాది పట్టింది.

కన్సల్టెంటు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఎఫ్-1 వీసాను అమెరికా లోపల ఉండి పునరుద్ధరించుకునే పద్ధతి లేదు. అది విదేశాల్లోని కాన్సులేట్లు చేసే పని. ఐ-20ని పొడిగించే అధికారం మీ విశ్వవిద్యాలయంలో అందుకు నియమితులైన అధికారికే ఉంది. ఆయననే డీఎస్ఓ అంటారు. ఆ పొడిగింపుకు ప్రభుత్వానికి కట్టవలసిన రుసుమేమీ లేదు, మళ్లీ సెవిస్ రుసుమూ కట్టనక్కర్లేదు. ఆ పెద్దమనిషి ఆరు వందల డాలర్లకు మీకు అమ్మజూపుతున్నది అతని దగ్గర లేదు. మీ పాస్‌పోర్టు ప్రతులు, సెవిస్ సంఖ్య ఇప్పటికే అతనికి పంపి ఉంటే ఆ విషయం డీఎస్ఓకు చెప్పి ఉంచండి.

ఇక అసలు పని. ప్రోగ్రామ్ పొడిగింపుకు నిబంధన కోరేవి నాలుగు. అడిగే నాటికి మీరు ఎఫ్-1 నియమాలన్నీ పాటిస్తూ ఉండాలి, అంటే పూర్తి స్థాయి నమోదు, అనుమతి లేని ఉద్యోగం చేయకపోవడం వగైరా. ఆలస్యానికి బలమైన విద్యాపరమైన కారణమో వైద్య కారణమో ఉండాలి. మిగిలిన కాలానికి ఖర్చులు ఎలా గడుస్తాయో చూపాలి. నాలుగోది, అందరూ తేలిగ్గా తీసుకునేది: ఇదంతా ఐ-20 ముగిసేలోపే జరగాలి. మీరు దరఖాస్తు ఇచ్చి ఉంటే సరిపోదు, డీఎస్ఓ సెవిస్‌లో కొత్త తేదీ ఎక్కించి ఉండాలి. మే 14 సాయంత్రం ఫారం పంపి, మే 16న ఆయన సెలవు నుంచి వచ్చి చూసుకుంటే జరిగేదేమీ ఉండదు. నెల రోజుల ముందే కాగితాలు ఇవ్వాలని చాలా విశ్వవిద్యాలయాలు సొంత గడువు పెట్టుకుంటాయి. మీ దగ్గర ఎంత గడువు ఉందో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం వెబ్‌సైటులో చూసి, దానికి కూడా ఒక వారం ముందు పెట్టుకోండి.

కారణం విషయంలో మీరు అదృష్టవంతులే. నిబంధన తానే ఉదాహరణలు ఇస్తుంది: పాఠ్యవిభాగం గానీ పరిశోధనాంశం గానీ మారడం, పరిశోధనలో ఊహించని సమస్యలు రావడం, పత్రాలతో రుజువయ్యే అనారోగ్యం. వాటిలో రెండు మీకు సహజంగానే ఉన్నాయి. కానీ కారణం ఉండటం వేరు, అది కాగితం మీద కనిపించడం వేరు. అందుకే మీ గైడు రాసే లేఖ గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పని ఒత్తిడిలో ఉన్న ప్రొఫెసర్లు సాధారణంగా రాసి ఇచ్చేది ఇలా ఉంటుంది: ‘ఈమె మంచి విద్యార్థిని. థీసిస్ పూర్తి చేయడానికి మరికొంత సమయం కావాలి. దయచేసి పొడిగించగలరు.’ మర్యాదగా ఉంది, పనికిరాదు. దీన్ని చదివిన డీఎస్ఓకు ఆలస్యం ఎందుకయిందో తెలియదు, ఎంతకాలం కావాలో తెలియదు, ఈ గడువైనా నిలబడుతుందన్న నమ్మకం కలగదు. సెవిస్‌లో పొడిగింపునకు ఆయన సంతకం పూచీ. రేపు ఎవరైనా రికార్డు తీసి అడిగితే ఆయన చూపవలసినది ఈ లేఖే. కాబట్టి లేఖలో ఉండవలసినవి ఉండాలి. మొదట ఏ అంశంతో మొదలుపెట్టారు, ఏ నెలలో మారింది, ఎందుకు మారింది. మారినందువల్ల ఎన్ని నెలల పని పక్కన పెట్టవలసి వచ్చింది. ఏ పరికరం, ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేయలేదు, దానికి ప్రత్యామ్నాయం ఎందుకు దొరకలేదు. ఇప్పటికి ఎన్ని అధ్యాయాలు అయ్యాయి, ఏ ప్రయోగాలు మిగిలాయి. డిఫెన్స్, అంటే థీసిస్‌ను కమిటీ ముందు సమర్థించుకునే పరీక్ష, ఏ నెలలో అనుకుంటున్నారు. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. మరమ్మతుకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలు ప్రయోగశాలలో ఎవరి దగ్గరో ఉండే ఉంటాయి. అడిగి ఒక ప్రతి జత చేయండి. అది తప్పనిసరి కాదు, కానీ ఏడు నెలలన్న మాటకు ఒక సాక్ష్యం దొరికినట్టవుతుంది.

ఆ పేజీకి మీరే చిత్తుప్రతి రాసి గైడుకు ఇవ్వండి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు, సగానికి సగం లేఖలు అలాగే పుడతాయి. తేదీలు ఆయనకు గుర్తుండవు, మీకుంటాయి. ఆయన గొప్ప రసాయన శాస్త్రవేత్త అయి ఉండవచ్చు, ఇమిగ్రేషన్ నిబంధనలు ఆయన తెలుసుకోవలసిన పని లేదు. అందుకే విశ్వవిద్యాలయం డీఎస్ఓను పెట్టుకుంది. ‘మే నెల గడవనీ’ అన్నప్పుడు ఆయనకు మీ మీద నిర్లక్ష్యం ఉందనుకోవద్దు. ఆయన మనసులో వీసా తేదీయే ఉంది. ‘మే 15 దాటితే నాకు జీతం ఇవ్వడం విశ్వవిద్యాలయానికి కుదరదు, నేను ప్రయోగశాలలో పనిచేయడానికి వీలుండదు’ అని ఒక్క వాక్యం చెప్పి చూడండి. మరునాడే సంతకం పడుతుంది. పడకపోతే విభాగంలో పరిశోధక విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసరు ఒకరు ఉంటారు, వారి దగ్గరికి వెళ్లండి.

ప్రొబేషన్ గురించి మీ భయం పూర్తిగా ఆధారం లేనిది కాదు. అకడమిక్ ప్రొబేషన్ వల్లనో సస్పెన్షన్ వల్లనో జరిగిన ఆలస్యాన్ని పొడిగింపుకు కారణంగా ఒప్పుకోబోమని నిబంధన స్పష్టంగా చెబుతుంది. అయితే ‘వల్ల’ అన్న మాటను గమనించండి. ఒకప్పుడు ప్రొబేషన్‌లో ఉన్నవారు ఎన్నటికీ పొడిగింపు అడగకూడదని దాని అర్థం కాదు. మొదటి ఏడాది పోగొట్టుకున్న గ్రేడ్లను మీరు ఎప్పుడో సరిచేసుకున్నారు కాబట్టే ఐదో ఏడాదికి వచ్చారు. ఇప్పటి ఏడు నెలలు పోయింది పరికరం వల్ల. ఒకవేళ ఆ సెమిస్టరులో తప్పిన కోర్సును మళ్లీ చదవడం వల్లనే ఇప్పటికీ ఏదైనా వెనకబడి ఉంటే, ఆ భాగాన్ని కారణాల్లో కలపవద్దు. కప్పిపుచ్చమని కాదు. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడగని చోట మీకై మీరు క్షమాపణ పత్రం జత చేయనక్కర్లేదు.

డబ్బు విషయం. ఐ-20లోనే ఏడాదికి ఎంత ఖర్చు, అది ఎక్కడి నుంచి వస్తుంది అని లెక్క ఉంటుంది. పొడిగించే కాలానికి ఆ లెక్క మళ్లీ చూపాలి. అసిస్టెంట్‌షిప్ డిసెంబరు దాకా ఉంటే విభాగం ఇచ్చే లేఖ చాలు. మీరు ఆ సంగతి రాయలేదు, కానీ ఐదో ఏడాది దాటాక చాలామందికి హామీ ఇచ్చిన ఫండింగ్ అయిపోతుంది. అలా అయితే వేసవికి ఎవరి గ్రాంటు, శరదృతువు సెమిస్టరుకు ఎవరి గ్రాంటు అని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. లేకపోతే మీ ఖాతాలోనో కుటుంబం ఖాతాలోనో ఉన్న డబ్బుకు బ్యాంకు పత్రం చూపవలసి ఉంటుంది. పొడిగింపు దరఖాస్తులు చివరి వారంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఎంతకాలం అడగాలి? డిసెంబరులో డిఫెన్స్ అనుకుంటున్నారు కాబట్టి ఆ సెమిస్టరు చివరి తేదీ దాకా అడగండి. ‘ఎందుకైనా మంచిది, ఇంకో ఏడాది’ అని సీనియర్లు సలహా ఇస్తారు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఐ-20 మీద ఏ తేదీ ఉన్నా, ఆ తర్వాత ఎన్నాళ్లు ఉండవచ్చన్న లెక్క చదువు పూర్తయిన రోజు నుంచే మొదలవుతుంది. పని ముందే అయిపోతే డీఎస్ఓ ముగింపు తేదీని వెనక్కి జరుపుతారు. అలాగని అక్టోబరు అని ఆశగా రాసి, మళ్లీ అక్టోబరులో రెండో పొడిగింపు అడగడమూ బాగుండదు. రెండోసారి అడగవచ్చు, కానీ అప్పుడు గైడు లేఖ మీద నమ్మకం సగమవుతుంది.

ఈ తేదీకి మీ ఓపీటీతో కూడా ముడి ఉంది. చదువు తర్వాత ఉద్యోగం చేసుకునే ఆ అనుమతికి ఐ-20 ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా దరఖాస్తు చేయవచ్చు. కొత్త తేదీ డిసెంబరు 18 అనుకుంటే మీకు కిటికీ సెప్టెంబరు మూడో వారంలో తెరుచుకుంటుంది. డీఎస్ఓ సెవిస్‌లో సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖకు చేరాలన్న సంగతి మరిచిపోవద్దు. కోర్సులన్నీ అయిపోయి థీసిస్ ఒక్కటే మిగిలినవారు పొడిగింపు మానేసి ఓపీటీకి వెళ్లిపోయి, ఆ కాలంలో థీసిస్ రాసుకునే దారి కూడా నిబంధనల్లో ఉంది. ఎవరో ఒకరు మీకు దాన్ని సూచిస్తారు కాబట్టి చెబుతున్నాను: ప్రయోగాలు మిగిలి ఉన్న మీకు అది మంచి బేరం కాదు. ఓపీటీలోని పన్నెండు నెలలు అప్పటి నుంచే కరిగిపోతాయి. ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం మీద 90 రోజులే. ఆ రోజుల్ని పరీక్షనాళికల మధ్య ఖర్చు పెట్టుకోవడం ఎందుకు?

కొత్త ఐ-20 చేతికి వచ్చాక మొదటి పేజీలో సంతకం చేయండి. ఇప్పుడు చాలా చోట్ల పీడీఎఫ్‌గా పంపుతున్నారు, అది చెల్లుతుంది. తర్వాత జీతాల విభాగానికి వెళ్లి కొత్త ఐ-20 చూపండి. మీ పని అనుమతి పాత తేదీతో వారి కంప్యూటర్‌లో ఉంటుంది, మీరు చూపేదాకా అది మారదు. డ్రైవింగ్ లైసెన్సు గడువును చాలా రాష్ట్రాల్లో ఐ-20 తేదీకి కడతారు కాబట్టి దాన్నీ చూసుకోండి. పాస్‌పోర్టు గడువు ఎప్పుడో కూడా చూడండి. వీసా చెల్లిపోయినా ఉండవచ్చు గానీ పాస్‌పోర్టు చెల్లిపోనివ్వకూడదు. అది అమెరికాలో ఉండగానే మన దౌత్య కార్యాలయం ద్వారా పునరుద్ధరించుకోగలిగినది.

ఇంకొక విషయం చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్తిగా ఉంటుంది. పైన చెప్పిన డి/ఎస్ పద్ధతిని తీసేసి, విద్యార్థులకు గరిష్ఠంగా నాలుగేళ్ల నిర్దిష్ట గడువు ఇవ్వాలని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం 2025 ఆగస్టు 28న ఒక ప్రతిపాదన ప్రచురించింది. అలాంటి నియమం కింద గడువు దాటి ఉండాలనుకునే విద్యార్థి డీఎస్ఓ దగ్గర కొత్త ఐ-20 తీసుకోవడంతో సరిపెట్టుకోలేడు. ఇమిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కు ఐ-539 ఫారంతో రుసుము కట్టి పొడిగింపు అడగాలి. చదువయ్యాక ఇచ్చే 60 రోజుల వెసులుబాటును 30కి తగ్గించాలని కూడా అందులో ఉంది. అందుకే డీఎస్ఓను కలిసినప్పుడు మొదటి ప్రశ్నగా, మీ కొత్త ఐ-20 జారీ అయ్యే రోజుకు ఏ నియమం నడుస్తుందో, అది మీకు ఎలా వర్తిస్తుందో అడగండి. వాట్సాప్ గుంపుల్లో తిరిగే జవాబులు చదవవద్దు.

మే 15 దాటిపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండటం మంచిది. చదువు పూర్తయినవారికి ఉండే 60 రోజుల వెసులుబాటు మీకు వర్తించదు, ఎందుకంటే మీ చదువు పూర్తి కాలేదు. అప్పుడు ఐ-539తోనే రీఇన్‌స్టేట్‌మెంట్, అంటే పోయిన స్టేటస్‌ను తిరిగి ఇమ్మని, కోరవలసి వస్తుంది. పొరపాటు మీ అదుపులో లేని పరిస్థితుల వల్ల జరిగిందని చూపాలి, సాధారణంగా స్టేటస్ పోయిన ఐదు నెలల్లోపు దరఖాస్తు చేయాలి, అనుమతి లేకుండా పనిచేసి ఉండకూడదు. నిర్ణయం వచ్చేదాకా ప్రయోగశాలలో జీతం తీసుకోవడానికి వీల్లేదు. ‘మా గైడు చూద్దామన్నారు’ అన్నది మన అదుపులో లేని పరిస్థితి అని ఏ అధికారినీ నమ్మించలేరు. రెండో దారి దేశం విడిచి, కొత్త ఐ-20తో, 350 డాలర్ల సెవిస్ రుసుము మళ్లీ కట్టి, కొత్తగా రావడం. మీరు ఈ రెంటిలో దేన్నీ చూడవలసిన అవసరం లేకుండా సమయం ఇంకా మీ చేతిలో ఉంది.

ఇప్పుడు అక్క పెళ్లి. జూలై 20కి బరువు వచ్చేది ఇక్కడే. ఆగస్టులో మీరు వెళితే, వెళ్లడం సమస్య కాదు, తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. 2025 సెప్టెంబరు 2 నుంచి చాలా రకాల వీసాల వారికి ఇంటర్వ్యూ మినహాయింపు తీసేశారు కాబట్టి, పాత పద్ధతిలో పాస్‌పోర్టు పెట్టెలో వేసి వచ్చినట్టు కాదు, మీరు స్వయంగా ఇంటర్వ్యూకు వెళ్లాలి. అదే నెలలో ఇంకో మార్పు వచ్చింది: దరఖాస్తుదారులు తమ సొంత దేశంలో గానీ తాము నివసించే దేశంలో గానీ అడగాలి. పక్క దేశానికి వెళ్లి రెండు రోజుల్లో స్టాంపింగ్ చేయించుకుని వచ్చే అలవాటుకు దాంతో దాదాపు తలుపు మూసుకుంది. దరఖాస్తు రుసుము 185 డాలర్లు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలని కూడా చెబుతున్నారు.

వీటన్నిటికీ సిద్ధపడవచ్చు. నన్ను ఆలోచింపజేసేది వేరే. మీది రసాయనశాస్త్రం. కొన్ని శాస్త్ర సాంకేతిక రంగాల్లో పరిశోధన చేసేవారి దరఖాస్తులను ఇంటర్వ్యూ తర్వాత అదనపు పరిశీలనకు పంపడం మామూలే. దాన్నే అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అంటారు. కొందరికి వారంలో తేలుతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఎప్పుడు తేలుతుందని అడిగేందుకు తలుపు ఉండదు. డిసెంబరులో డిఫెన్స్ పెట్టుకుని, మిగిలిన ప్రయోగాలు ప్రయోగశాలలోనే చేయవలసిన మీరు సెప్టెంబరంతా పాస్‌పోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఇంత కష్టపడి తెచ్చుకున్న పొడిగింపు వృథా అవుతుంది. గైడుతో ముందే మాట్లాడి, రెండు మూడు నెలలు బయటి నుంచి రాతపని చేయడానికి ఒప్పందం కుదిరితే, ఆ ఆలస్యాన్ని భరించే స్థితిలో మీరుంటే వెళ్లండి. కుదరకపోతే వెళ్లవద్దనే నా సలహా. అక్కకు చెప్పడం కష్టమే, నాకు తెలుసు. ఆ మాటకొస్తే మా అన్న పెళ్లి నేను చూసింది వీడియో క్యాసెట్‌లో. అందులో సగం సేపు కెమెరా ఎవరి వీపు మీదనో ఉంది. ఇప్పటికీ మా వదిన ఆ సంగతి ఎత్తుతుంది.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే కొత్త ఐ-20 వచ్చాకే ఇంటర్వ్యూ తేదీ తీసుకోండి. ఐ-20 రెండో పేజీలో ప్రయాణానికి డీఎస్ఓ సంతకం ఉండాలి, అది ఏడాది దాటకూడదు. గైడు లేఖ, ఫండింగ్ లేఖ, ట్రాన్స్‌క్రిప్టు, మీ పరిశోధన దేని గురించో సామాన్యుడికి అర్థమయ్యేలా ఒక పేజీ వెంట ఉంచుకోండి. ఆరో ఏడాదికి ఎందుకు వెళ్లిందని అధికారి అడుగుతారు. పరికరం కథ రెండు వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి.

చెల్లిపోయిన వీసాతో కూడా కెనడాకు గానీ మెక్సికోకు గానీ 30 రోజులు మించకుండా వెళ్లి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సదుపాయం ఉంది. ఐ-94, ఐ-20 చెల్లుబాటులో ఉండాలి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసి ఉండకూడదు. ఏదైనా సదస్సు పత్రం కోసం పనికి రావచ్చు. ఆ దేశం లోపలికి వెళ్లడానికి ఆ దేశపు వీసా కావాలన్నది వేరే సంగతి.

చివరిగా ఆ పాత ఐ-20ల కట్ట. ఒక్కటి కూడా పారేయవద్దు. మొట్టమొదటి ఐ-20, మధ్యలో ప్రయాణ సంతకాలతో వచ్చినవి, ఇప్పుడు రాబోయేది అన్నీ ఒకే కవరులో వరుసగా పెట్టండి. ఓపీటీకి దరఖాస్తు చేసేటప్పుడో, తర్వాత వేరే వీసాకు మారేటప్పుడో ‘ఫలానా ఏడాది మీ స్టేటస్ ఏమిటి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. విశ్వవిద్యాలయం తన రికార్డులను ఎప్పటికీ దాచి ఉంచాలన్న నియమం లేదు. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచండి. ఆ కవరు మీద మాత్రం మే 15 అని పెద్ద అక్షరాలతో రాసి, కొత్త తేదీ వచ్చిన రోజున కొట్టివేయండి.